బంగారం పక్కింట్లో పాదరసం

మా మనవరాలికి పరీక్షలంటే చదువు కాదు, జపం. పొద్దున్నే లేచి, జుట్టయినా దువ్వుకోకుండా, భవానీపురంలో మా అపార్ట్‌మెంటు బాల్కనీలో ఆ కొస నుంచి ఈ కొసకి తిరుగుతూ మూలకాల పట్టిక గొణుగుతుంది. హైడ్రోజన్ దగ్గర ఎత్తుకుంటే ఊపిరి తీసుకోదు. మొన్న నన్ను కూర్చోబెట్టి, చార్టు ఒళ్ళో పడేసి, తను చెబుతుంటే తప్పులు పట్టమంది. ఆ బుజ్జి గళ్ళు, ఆ రంగులు, చీమతలకాయంత అక్షరాలు! కళ్ళజోడు సర్దుకుని వేలు పెట్టి చూస్తూ వచ్చాను. పిల్ల ప్లాటినం అంది, గోల్డ్ అంది, మెర్క్యురీ అంది, ఆగకుండా సీసం దాటి వెళ్ళిపోయింది. నా వేలు మాత్రం బంగారానికీ పాదరసానికీ మధ్య గీత మీదే ఆగిపోయింది. చివర్లో “అంతా కరెక్టేనా అమ్మమ్మా?” అని అడిగితే వినలేదని చెప్పాను. విసుక్కుంది. విసుక్కోనీ, దానికేం తెలుసు.

నాకు లోహాల సంగతి చెప్పింది మా నాన్న. అప్పట్లో మేం గన్నవరం దాటాక ఏలూరు కాలువ పక్కన ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మ అక్కడి మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆడవాళ్ళకీ పిల్లలకీ మాత్రమే వైద్యం చేసే ఆసుపత్రి అది. దాని ప్రహరీలోనే మాకు రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఇంట్లో నాన్నగారి అమ్మ, అంటే మా నాయనమ్మ, నేను, తమ్ముడు. ఎప్పుడు చూసినా ఇల్లంతా ఫినాయిల్ వాసన, దాన్ని తోసుకుంటూ నాయనమ్మ వేయించే ఎండురొయ్యల వాసన. కొత్తవాళ్ళు గుమ్మంలోనే ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ రెండూ కలిస్తేనే ఇల్లు.

నాన్నకి బళ్ళో పట్టిక లేదు. అడిగి అడిగి విసిగిపోయి తనే తయారుచేసుకున్నారు. ఆసుపత్రిలో చిరిగిపోయిన దుప్పటి ఒకటి తెచ్చి అమ్మ అంచులు కుట్టి ఇచ్చింది. దుప్పట్ల మీద గుర్తులు వేసే నల్ల సిరాతో నాన్న దాని మీద గళ్ళు గీశారు. ఒక మూల ఆసుపత్రి ముద్ర అలాగే మిగిలిపోయింది. బడికి పట్టుకెళ్ళి పాఠం చెప్పి, సాయంత్రం మడతపెట్టి తెచ్చి తన మంచం పక్క గోడకి తగిలించేవారు. బళ్ళో ఉంచితే ఎలకలు కొట్టేస్తాయని భయం.

ఆయన దాన్ని పట్టిక అనేవారు కాదు, వీధి అనేవారు. ఎడంవైపు చివరింట్లో సోడియం, పొటాషియం. చేతిలో ఉన్న ఒక్క ఎలక్ట్రానునీ ఎవరికి ఇచ్చేద్దామా అని తలుపు తీసుకుని కూర్చునే రకం, నీళ్ళు తగిలితే చాలు ఎగిరిపడతారు, అందుకే కిరసనాయిల్లో దాచాలి అని చెప్పేవారు. వీధి మధ్యలో ఇనుము, రాగి, జింకు. ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళు. కుడివైపు మెట్లలా ఒక గీత. మెట్లకి ఇవతల అంతా లోహాలు, అవతల అలోహాలు, మెట్ల మీదే కూర్చున్నవాళ్ళు ఎటూ కానివాళ్ళు. లోహమంటే ఏమిటో చెప్పడానికి మా వంటింటి సామానంతా బయటికొచ్చేది. వేడి పాలల్లో గరిటె పెట్టి కాడ పట్టుకోమనేవారు. చురుక్కుమంటే, అదిగో వేడి నడిచొచ్చింది చూశావా అనేవారు. రాగి తీగని రాయితో కొడితే రేకవుతుంది, బొగ్గుముక్కని కొడితే పొడవుతుంది. కంచుగ్లాసు మోగుతుంది, మట్టిముంత మోగదు. నాయనమ్మ ముంత మోగుతుందేమో చూడబోయి తమ్ముడు పగలగొట్టాడు. వీపు విమానం మోత మోగింది, అదొక్కటే మోగింది ఆ రోజు.

ఒకసారి బళ్ళోంచి మిరియపుగింజంత సోడియం ముక్క సీసాలో తెచ్చారు, మాకు చూపిద్దామని. ప్రహరీ అవతల పాలవాళ్ళ కుడితి తొట్టి ఉండేది. ఎవరూ లేకుండా చూసి దాంట్లో వేశారు. అది బుసకొట్టి, నీళ్ళ మీద అటూ ఇటూ పరుగెత్తి, భగ్గుమంది. పాలవాళ్ళ గేదె పలుపు తెంచుకుని కాలువగట్టు పట్టింది. పంచె ఎగ్గట్టి దాని వెనక పరుగెత్తింది మా నాన్నే. మాస్టారికేం పోయేకాలమని పాలావిడ వారం రోజులు తిడుతూనే పాలు పోసింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం చూశాను.

శనివారం సాయంత్రాలు నాయనమ్మ అరుగు మీద కూర్చుని, ఆదివారానికి ఇత్తడి చెంబులన్నీ చింతపండు పెట్టి తోమేది. నాన్న పక్కన చేరి ఆవిడకీ పాఠం చెప్పేవారు. రాగి, వెండి, బంగారం ఒకే నిలువు వరస, ఒక తల్లి పిల్లలు. రాగికి చిలుం పడుతుంది, వెండి నల్లబడుతుంది, బంగారం మాత్రం గాలికి లొంగదు, నీటికి లొంగదు, నీ చింతపండుకీ లొంగదమ్మా అనేవారు. ఒక్క పక్కింటి పాదరసంతోనే దానికి చనువు, అది పిలిస్తే కాదనలేదు అనేవారు. ఆవిడ వినేది కాదు. కీర్తన పాడుకుంటూ చెంబు తోముకునేది.

ఎండలు ముదరకముందే నాన్నకి జ్వరం తగిలింది. ముందు మామూలు జ్వరమే అన్నారు, తర్వాత టైఫాయిడ్ అన్నారు. ఆడవాళ్ళ ఆసుపత్రి కాబట్టి ఆయన్ని చేర్చుకునే వీలు లేదు. డాక్టరమ్మగారే పొద్దునోసారి సాయంత్రమోసారి మా ఇంటికొచ్చి చూసేవారు. గంజినీళ్ళు, బార్లీ తప్ప ఏమీ పెట్టకూడదు, అవి మాత్రం ఆపకూడదు, ఈ వారం గట్టెక్కితే మనిషి దక్కినట్టే అని అమ్మతో చెప్పారు. నాన్న మంచం మీద గుడ్డపీలికలా అయిపోయారు. అమ్మ డ్యూటీ మధ్యలో పరుగెత్తుకొచ్చి జ్వరం చూసి, గోడకున్న కాగితంలో రాసుకుని, మళ్ళీ పరుగెత్తేది. నాకు భయంగా ఉండేది. భయమని ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు.

ఆ థర్మామీటరు ఎలా జారిందో అమ్మకీ తెలియదు. విదిలిస్తుంటే మంచం పట్టెకి తగిలి పగిలింది. పాదరసం బొట్లు బొట్లుగా దుప్పటి మీద, కింద, మంచంకోళ్ళ చుట్టూ. నాకూ తమ్ముడికీ పండగ! నాన్న జ్వరం మరిచిపోయి మంచం కింద దూరాం. వేలితో ముట్టుకుంటే రెండు, తోస్తే మళ్ళీ ఒకటి. మా చేతుల్లోంచి లాక్కుని, ఆసుపత్రి వస్తువు కదా, లెక్క చెప్పాలి కదా అని అమ్మ అరచేత్తో బొట్లన్నీ పోగుచేసి ఖాళీ మందుసీసాలోకి వంపింది. పక్కనుంచి చూసి ముందు కనిపెట్టింది నేనే. అమ్మ వేలికున్న పెళ్ళి ఉంగరం తెల్లగా అయిపోయింది. వెండిలా కూడా కాదు, సున్నం కొట్టినట్టు.

మా ఇళ్ళల్లో తాళి లేదు. చర్చిలో పెట్టించిన ఉంగరమే తాళి. అమ్మ కొంగుతో రుద్దింది, బూడిదతో రుద్దింది. పోలేదు. నాన్న అంత జ్వరంలోనూ నవ్వారు. నీ ఉంగరం పక్కింటికి వెళ్ళొచ్చిందన్నారు. రుద్దితే పోదనీ, కాలిస్తే పాదరసం ఆవిరైపోతుందనీ, బంగారం ఎక్కడికీ పోదనీ మా ఇద్దరికీ పడుకునే పాఠం చెప్పారు. నేను విన్న ఆయన పాఠాల్లో అదే ఆఖరిది.

నాయనమ్మకి ఆ పాఠం ఎక్కలేదు. మంచినీళ్ళిస్తున్న కోడలి చెయ్యి చూసి, గ్లాసు అందుకోకుండా, ఉన్నచోట కూలబడింది. మొగుడు మంచంలో ఉండగా ఉంగరం తెల్లబడిందంటే ఆవిడకి ఇంకో అర్థం లేదు. అమ్మ ఎంతో నెమ్మదిగా చెప్పింది, పాదరసం తగిలిందండీ అత్తయ్యా అని. ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. సాయంత్రం ప్రార్థనకి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే అమ్మ చేతివంక చూసి కళ్ళు దించుకున్నారు. పాస్టరుగారు నాన్న తల మీద చెయ్యేసి ప్రార్థన చేశారు. కళ్ళు తెరవగానే ఆయన చూపు కూడా ఉంగరం మీదికే పోయింది. అందరూ ఎక్కడ చూస్తున్నారో నాన్న చూశారు.

ఆ మర్నాటి నుంచి నాన్న గంజి తాగలేదు. చెంచా దగ్గరికొస్తే పెదాలు బిగించేవారు. అమ్మ మొహం వంక కాదు, చెంచా పట్టుకున్న చెయ్యి వంక చూసేవారు. డాక్టరమ్మగారు ఎడంచేత్తో పట్టమంటే పట్టింది, ఉంగరం చెయ్యి వెనక దాచుకుంది. అయినా తాగలేదు. డాక్టరమ్మగారు బతిమాలారు, కోప్పడ్డారు. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని ఏడుపు ఆపదు. వీళ్ళందరినీ బయటికి నెట్టి తలుపేసేయాలని నా ఒళ్ళు మండిపోయేది. అంత చిన్నదాన్ని, ఏం చేయగలను?

ఆ మధ్యాహ్నం అమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, ఏమండీ, మీరే ఇలా అయితే నేనేం కావాలండీ అంది. నాన్న ఆ చేతివంకే చూస్తూ అన్నారు.

“నాకు తెలుసు. కాలిస్తే పోతుందని నేనే చెప్పాను. తెలిసినా చూడలేకపోతున్నాను. దాన్ని మళ్ళీ పచ్చగా చేయించుకు రా.”

“చేయిస్తే గంజి తాగుతారా?”

“తాగుతాను.”

ఉంగరం తియ్యకుండా కాల్చడం కుదరదు. నాయనమ్మ అడ్డం పడింది. దేవుడి ఎదట తొడిగించుకున్నది, వాడు ఊపిరితో ఉండగా తీస్తావా, తీసి నిప్పుల్లో పెడతావా అని అమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. అమ్మ ఎదురు చెప్పే మనిషి కాదు. చెయ్యి విడిపించుకుని, చెప్పులేసుకుని, నన్ను తీసుకుని ఊళ్ళో కంసాలి దగ్గరికి వెళ్ళింది. ఆయన హిందువు, మా చర్చి మనిషి కాదు. అయినా సంగతి విని చేతులు జోడించాడు. మాస్టారు మంచంలో ఉండగా ఆ వేలి ఉంగరం నా చేత తీయించకు తల్లీ, నాకు పిల్లలున్నారు అన్నాడు. ఆ రోజంతా నాన్న నోట్లో నీళ్ళు కూడా పోలేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి బెజవాడ బయల్దేరాం. నాన్న దగ్గర ఇంకో నర్సమ్మని కూర్చోబెట్టింది. వెళ్తూ ఆయన చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది, ఆయన తలూపారు. వన్‌టౌన్‌లో సందుల్లో సందులు. ఒక అరుగు మీద ముసలి కంసాలి కుంపటి ముట్టించుకుంటున్నాడు. మీ ఆయన ఏం చేస్తారమ్మా అని అడిగాడు. మాస్టారండీ, బడికెళ్ళారు అని చెప్పింది అమ్మ. మా అమ్మ అబద్ధం చెప్పగా విన్నది అదొక్కసారే.

ఉంగరం రాలేదు. వేలు వాచి ఉంది. కుంకుడు నురుగు రాసి, మెలితిప్పి, చర్మం గీరుకుపోయాక వచ్చింది. అది ఉండే చోట వేలు పాలిపోయి, పల్లంగా, పసిపిల్ల వేలిలా ఉంది. అమ్మ దాన్ని చూసి గభాలున కొంగులో దాచుకుంది. మళ్ళీ తీసి నా ముందు పెట్టింది.

“ఈ వేలు పట్టుకో. ఉంగరం ఉండే చోట. మళ్ళీ తొడుక్కునేదాకా అది ఖాళీగా ఉండకూడదు.”

రెండు చేతులతో పట్టుకున్నాను. పొగ మంచిది కాదు, గాలికి ఎదురు నిలబడండి అన్నాడు కంసాలి. ఊదుగొట్టం బుస్సుమంటోంది. బొగ్గుల వాసన, దాని వెనక గొంతులో పట్టేసే ఇంకేదో వాసన. అమ్మ లోగొంతుతో ప్రార్థన గొణుగుతోంది. మా నాన్నని ఒక్కరోజు ఉంచు ప్రభువా, గంజి తాగేదాకా ఉంచు అని నేనూ అనుకున్నాను. ఒక్కరోజే ఎందుకు అడిగానో, ఎక్కువ అడిగితే ఏం పోయిందో నాకిప్పటికీ తెలియదు. నీళ్ళల్లో చుయ్‌మన్న చప్పుడయింది. కంసాలి రుద్ది, తుడిచి, అమ్మ అరచేతిలో పెట్టాడు. పచ్చగానే ఉంది. మెరుపు తగ్గింది, సూదితో పొడిచినట్టు అక్కడక్కడా గుంటలు పడ్డాయి. అయితేనేం, బంగారం రంగే. అమ్మ తొడుక్కుని, ఎండలో చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని నవ్వింది. బస్సులో దారిపొడుగునా నా చేత చూపించుకుంది, పచ్చగానే ఉంది కదే, ఉంది కదే అని.

క్వార్టరు అరుగు కింద చాలా చెప్పులున్నాయి. ఎవరూ మా మొహాలు చూడటం లేదు. నాన్న మీద తెల్ల దుప్పటి కప్పేశారు. పేగుకి చిల్లు పడిందని, చేతుల్లోకి తీసుకునేలోపే అయిపోయిందని డాక్టరమ్మగారు చెప్పారు. అమ్మ ఏడవలేదు. ఎన్నింటికి అని అడిగింది. ఆసుపత్రిలో ఎవరు పోయినా టైము రాయడం ఆవిడ పని. పక్కన కూర్చున్న నర్సమ్మ కంగారులో గడియారం చూడలేదంది. బస్సు గన్నవరం దాటిన వేళకి అన్నారొకరు, కాదు ఇంకా ఎండెక్కాక అన్నారొకరు. అమ్మ ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి అదే అడిగింది. సరిగ్గా ఎన్నింటికండీ? ఎవరికీ తెలియదు.

నాయనమ్మ ఒక్కతే చెప్పింది. “నువ్వు దాన్ని నిప్పుల్లో పెట్టినప్పుడే అమ్మాయ్. ఇంకెప్పుడు?”

నాయనమ్మ ఆ మాట మళ్ళీ ఎన్నడూ అనలేదు. మాతోనే ఉంది, అమ్మ వండింది తింది, ఆఖర్న అమ్మ చేతుల్లోనే పోయింది. చెడ్డ మనిషి కాదు. కడుపుకోత ఎవరి మీదో ఒకరి మీద దించుకోవాలి కదా, పక్కన కోడలుంది. అంతే. కానీ ఆ ఒక్క మాటనీ నేను క్షమించలేదు, ఇప్పటికీ.

అమ్మ ఉంగరం మళ్ళీ తియ్యలేదు. ఆపరేషన్ గదిలో పనిచేసేవాళ్ళు ఉంగరాలు తీసెయ్యాలంటే, ఆ పని వదులుకుని వార్డులోకి మారింది. జ్వరాలు చూసేటప్పుడు ఉంగరం మీద ప్లాస్టర్ అంటించుకునేది. నేను కాలేజీలో కెమిస్ట్రీ చదువుకుంటున్న రోజుల్లో ఎన్నిసార్లు చెప్పానో. టైఫాయిడ్‌లో పేగు చిల్లుపడుతుందమ్మా, నీకు తెలియందా, ఉంగరానికీ దానికీ ఏం సంబంధం అని అరిచేదాన్ని. అవునే, నాకు తెలుసు అనేది. ఏ నర్సుకైనా తెలిసే విషయమేగా అనేది. అని, ప్లాస్టర్ సరిచేసుకునేది.

ఆఖరిసారి జబ్బు చేసినప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆసుపత్రిలో చేర్పించాం. తలకి స్కానింగు తియ్యాలి, ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు అన్నాడు అక్కడి కుర్రాడు. అమ్మ గాజులు తీసింది, కళ్ళజోడు తీసింది. ఉంగరం దగ్గర ఆగిపోయింది. వద్దులే బాబూ, నాకు స్కానింగు వద్దు అంది. అతను బయటికెళ్ళాక నా వైపు తిరిగింది. గొంతు బాగా పల్చబడిపోయింది.

“ఆ రోజు నా వేలు నువ్వు వదల్లేదు కదే?”

“లేదమ్మా.”

“నువ్వు వదల్లేదు. నేనే లాక్కున్నాను. కళ్ళల్లో పొగ పడితే తుడుచుకుని మళ్ళీ ఇచ్చాను. ఒక్క క్షణం ఖాళీగా ఉంది. అప్పుడే పోయుంటారు.”

నాకు గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా ఆ క్షణం నాకు దొరకలేదు. ఇన్నేళ్ళూ నేను నాయనమ్మ మీద పళ్ళు కొరుకుతున్నాను, ఇక్కడ ఈవిడ తన మీద తనే మోపుకుని ఒక బతుకంతా బతికేసింది. టైఫాయిడ్ గురించి, పేగు గురించి, నాన్న చెప్పిన పాఠం గురించి అన్నీ నా నోటి చివరిదాకా వచ్చాయి. మింగేశాను.

“అప్పటికే నిప్పుల్లోంచి తీసేశాడమ్మా. నువ్వు కళ్ళు తుడుచుకునేటప్పటికి ఉంగరం నీళ్ళల్లో ఉంది” అన్నాను.

“నిజంగానా? చూశావా?”

“చూశాను.”

అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని, అమ్మయ్య అంది. చిన్నపిల్లలా నిద్రపోయింది.

నేను చూడలేదు. ఆ కుంపటి ముందు నిలబడినంతసేపూ నేను కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాను.